నోటా: సంతకం లేని అర్జీ

ఎన్నికలు దగ్గరపడిన ప్రతిసారీ మన ఇళ్లలో ఒక మాట వినబడుతుంది. "ఎవరిని గెలిపించినా మనకు ఒరిగేదేముంది? ఈసారి ఎవరికీ వేయకుండా నోటా నొక్కుదాం." గిలకలదిండి రేవులో మంచు పని, మోత పని చేసుకొనేవారు ఈ మాట అంటున్నారు. బందరు పేటల్లో డిగ్రీ పట్టాలు చేతబట్టుకొని ఉద్యోగాల కోసం ఎదురుచూస్తున్న యువకులూ అంటున్నారు. ఈ కోపాన్ని తప్పుపట్టే ఉద్దేశం మాకు లేదు. అయితే ఆ కోపం చేరవలసిన చోటికి చేరే మార్గం ఏదో నిదానంగా ఆలోచించుకోవలసిన అవసరం ఉందని మా అభిప్రాయం.

కోపానికి కారణాలు లేకపోలేదు. బందరు ఓడరేవుకు 2008లో ఒక ముఖ్యమంత్రి, 2019లో మరొక ముఖ్యమంత్రి, 2023లో ఇంకొక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. ముగ్గురివీ మూడు వేర్వేరు పార్టీలు. మొదటి రాయి పడిన ఏడాది పుట్టిన పిల్లవాడు మూడవ రాయి పడేనాటికి పదవ తరగతి ఈడుకు వచ్చాడు. గిలకలదిండిలో మొగ పూడిక సంగతి అందరికీ తెలిసినదే. పోటు కోసం పడవలు ఎదురుచూడవలసిన కష్టం ఏ పార్టీ జెండా పట్టినవారికైనా ఒకటే. ఇక మన సముదాయానికి ప్రత్యేకంగా తగిలిన గాయం మరొకటి ఉంది. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు పార్లమెంటుకు వచ్చినపుడు, మన రాష్ట్రంలో అధికారంలో ఉన్న ప్రాంతీయ పార్టీలు రెండూ దానికి అనుకూలంగా ఓటు వేశాయి. ఏడాది క్రితం అదే పార్టీలకు నమ్మి ఓటు వేసిన ముస్లిం కుటుంబాలు జిల్లాలో ఎన్నో ఉన్నాయి. వారి మనసులో కలిగిన నొప్పి చిన్నది కాదు.

అందుకే నోటా మాట. మరి ఆ మీట ఎలా వచ్చిందో, అది ఏమి చేయగలదో, ఏమి చేయలేదో ముందు తెలుసుకోవాలి.

నోటా రాకముందు కూడా అభ్యర్థులందరినీ నిరాకరించే అవకాశం ఉండేది. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49-ఓ అనే నియమం ఉండేది. ఓటరు పోలింగు కేంద్రానికి వెళ్లి, రిజిస్టరులో పేరు నమోదైన తరువాత, తాను ఎవరికీ ఓటు వేయదలచుకోలేదని అధికారికి చెప్పాలి. ఆయన ఆ సంగతి రిజిస్టరులో రాసి, ఓటరు చేత సంతకమో వేలిముద్రో వేయించుకొనేవారు. అంటే చుట్టూ కూర్చున్న పార్టీల ఏజెంట్లందరికీ ఆ విషయం తెలిసిపోయేది. ఇది రహస్య ఓటింగుకు విరుద్ధమని పౌరహక్కుల ప్రజాసంఘం 2004లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ప్రధాన న్యాయమూర్తి పి. సదాశివం నేతృత్వంలోని ధర్మాసనం 2013 సెప్టెంబరు 27న తీర్పు చెప్పింది. నిరాకరించేవారికి కూడా రహస్యం కావాలని, అందుకు ఓటింగు యంత్రం మీద ప్రత్యేకమైన మీట ఉండాలని ఆదేశించింది. ఆ సంవత్సరం చివర జరిగిన ఐదు రాష్ట్రాల శాసనసభ ఎన్నికల్లోనే నోటా అమలులోకి వచ్చింది. 2015 నుంచి దానికి ఒక గుర్తు కూడా ఉంది. బ్యాలెట్ కాగితం మీద నల్లని అడ్డగీతలు వేసినట్లు ఉండే ఆ గుర్తు జాబితాలో అందరికంటే చివర ఉంటుంది. మన ఇళ్లలోని పెద్దవాళ్లకు ఆ గుర్తు ఏమిటో చెప్పి ఉంచడం మంచిది. తెలియక దానిని నొక్కడం వేరు, తెలిసి నొక్కడం వేరు.

ఓటు ఒక సాక్ష్యమని మన ధర్మవేత్తలు అంటారు. సాక్ష్యం దాచవద్దన్నది మనకు తెలిసిన ఆదేశమే. ఈ దృష్టితో చూస్తే, పోలింగు రోజున ఇంట్లో కూర్చోవడానికీ నోటా నొక్కడానికీ చాలా తేడా ఉంది. ఇంట్లో కూర్చున్నవాడు సాక్ష్యమే చెప్పలేదు. వాడు కోపంతో రాలేదో, బద్ధకంతో రాలేదో, ఊళ్లో లేడో ఎవరికీ తెలియదు. వరుసలో నిలబడి నోటా నొక్కినవాడు మాత్రం "వీరిలో ఎవరూ నాకు సమ్మతం కాదు" అని సాక్ష్యం చెప్పినవాడే. కనుక ఎన్నికల బహిష్కారం అనే మాటను మేము ఏ మాత్రం సమర్థించము.

అయితే ఆ సాక్ష్యం ఫలితాన్ని మార్చగలదా? ఇప్పుడున్న నిబంధనల ప్రకారం మార్చలేదు. లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా, అభ్యర్థుల్లో ఎవరికి ఎక్కువ వస్తే వారే గెలిచినట్లు. 2024లో ఇండోర్ లోక్‌సభ స్థానంలో కాంగ్రెసు అభ్యర్థి నామినేషను ఉపసంహరించుకున్నాడు. నోటా నొక్కమని ఆ పార్టీ ప్రజలను కోరింది. 2 లక్షల 18 వేలకు పైగా ఓట్లు నోటాకు పడ్డాయి. అయినా గెలిచిన అభ్యర్థి మెజారిటీ 11 లక్షలు దాటింది. పోటీయే లేక ఏకగ్రీవమైన చోట్ల పోలింగు ఉండదు కనుక నోటాకు కూడా తావు ఉండదు. అదే ఏడాది సూరత్‌లో జరిగింది ఇదే. మన పల్లెల్లో పంచాయతీ ఏకగ్రీవాలు ఎలా కుదురుతాయో చూసినవారికి ఈ సంగతి వివరించనవసరం లేదు.

మన రాష్ట్రం లెక్క కూడా చూద్దాం. 2019 శాసనసభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో నోటాకు 1.28 శాతం ఓట్లు వచ్చాయి. కాంగ్రెసుకు వచ్చినవి 1.17 శాతం, భారతీయ జనతా పార్టీకి 0.84 శాతం. అంటే రెండు జాతీయ పార్టీలనూ నోటా వేర్వేరుగా మించిపోయింది. అయినా ఆ నోటా ఓట్ల వెనుక ఉన్న కోరిక ఇదీ అని ఎవరైనా చెప్పగలరా? అరకు లోక్‌సభ స్థానంలో 2019లో దాదాపు 48 వేలు, 2024లో 50 వేలకు పైగా నోటా ఓట్లు పడ్డాయి. అది గిరిజనుల నిరసన అన్నవారున్నారు. గుర్తులు తెలియక చివరి మీట నొక్కారు అన్నవారూ ఉన్నారు. యాభై వేలమంది మాట్లాడినా, వారు ఏమన్నారన్నది ఇతరులు తమకు తోచినట్లు చెప్పుకోవడానికి వీలుపడింది.

మేము మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తా పని చేసినవాళ్లం. తపాలులో ఆకాశరామన్న ఉత్తరాలు వస్తుండేవి. వాటిలో నిజం ఉండవచ్చు, న్యాయమైన బాధ ఉండవచ్చు. కానీ సంతకం, చిరునామా లేని అర్జీ మీద చర్య తీసుకోవలసిన బాధ్యత ఏ అధికారి మీదా ఉండదు. దానికి జవాబు ఇవ్వాలన్నా ఎవరికి ఇవ్వాలి? అలాంటి కాగితం దస్త్రంలో అడుగుకు చేరేది. అదే విషయం పదిమంది సంతకాలతో, ఇన్‌వార్డు నంబరుతో వస్తే, ఇష్టమున్నా లేకున్నా దాని మీద ఏదో ఒకటి రాయక తప్పేది కాదు. నోటా కూడా సంతకం లేని అర్జీ వంటిదే. రహస్యం దాని బలం. ఓటరుకు అది రక్షణ ఇస్తుంది. కానీ ఆ రహస్యం వల్లనే దానికి విషయం ఉండదు, చిరునామా ఉండదు.

పేరు చెప్పి నిరసన తెలిపినవారి సంగతి కూడా తెలుగు నేల మీదనే ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిపోతున్న పల్లెల గోడు దేశానికి వినిపించాలని జల సాధన సమితి చేసిన ప్రయత్నం అది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగు వాయిదా పడింది. నల్గొండ నీటి కష్టం దేశమంతటికీ తెలిసింది. 2019లో నిజామాబాదులో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులు నామినేషన్లు నిలుపుకొన్నారు. మొత్తం అభ్యర్థుల సంఖ్య 185కు చేరింది. వారు గెలవలేదు. కానీ వారు అడిగినది పసుపు బోర్డు, మద్దతు ధర అని తెలియనివారు లేరు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రంగానే ప్రారంభమైంది. ఆ ఒక్క నిరసన వల్లనే అది వచ్చిందని మేము అనము. అయితే ఆ కోరికకు ఒక పేరు, ఒక ఊరు ఉండడం వల్ల తరువాత వచ్చిన నాయకులెవరూ దానిని పక్కన పెట్టలేకపోయారు. నల్గొండ తరువాత లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్టును 500 నుంచి 10 వేల రూపాయలకు పెంచారు. ఇప్పుడది 25 వేలు. ఆ దారి పేదవాడికి ఇరుకైపోయింది. కనుక మనం వేరే దారి వెతుక్కోవాలి.

ఇక్కడ మన పెద్దలు చెప్పే అభ్యంతరం ఒకటి ఉంది. "మనం సంఖ్యలో తక్కువవాళ్లం. మన ఓట్లు నోటాకు పోతే, మనకు ఎక్కువ కీడు చేసేవాడు గెలుస్తాడు" అని. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. 2019లో విజయవాడ సెంట్రల్ శాసనసభ స్థానం 25 ఓట్ల తేడాతో నిర్ణయమైంది. ఒక ఉమ్మడి కుటుంబం ఓట్లు చాలు, అలాంటి ఫలితం తారుమారు కావడానికి. యువకులు చెప్పే మాట వేరు. "కీడు తక్కువ చేసేవాడిని వెతుక్కుంటూ ఎన్నాళ్లు? మనం ఎలాగూ తమకే వేస్తామని తెలిసినవాడు మనల్ని ఎందుకు పట్టించుకుంటాడు?" ఇదీ నిజమే. ఈ రెండు మాటలూ కలిసే చోటు ఒకటుంది. నోటా మొదటి మాట కాకూడదు, చివరి మాట కావాలి. దానికి ముందు సంతకాలున్న అర్జీ ఒకటి ఉండాలి.

మా సూచన ఇది. నామినేషన్లకు ముందే ప్రతి పేటలో ఒక కోరికల పత్రం తయారు చేయాలి. కోరికలు ఐదుకు మించకూడదు. ప్రతి కోరిక లెక్కకు అందేదిగా ఉండాలి. "ముస్లింల అభివృద్ధికి కృషి" అని రాస్తే ఎవరైనా సంతకం పెడతారు. గిలకలదిండి మొగలో పూడిక తీత ఏ నెలలోగా జరగాలి, వేట నిషేధం అమలులో ఉండే 61 రోజులకూ రేవు కూలీలకు భృతి ఇస్తారా లేదా, ఆక్రమణలో ఉన్న వక్ఫ్ భూముల సర్వే నంబర్లు ఏవి, బీసీ-ఈ ధ్రువపత్రం ఎన్ని రోజుల్లో రావాలి అని రాయాలి. మొగ, భృతి విషయాలు మనవి మాత్రమే కావు. అవి మత్స్యకార సోదరులవి కూడా. వారి పేటకు వెళ్లి, వారి సంతకాలు కూడా తీసుకోవాలి. మన ఒక్కరి సంతకాలున్న కాగితానికీ, ఇరుగుపొరుగు సంతకాలు కూడా ఉన్న కాగితానికీ బరువులో చాలా తేడా ఉంటుంది.

ఆ పత్రం ప్రతి అభ్యర్థికీ ఇచ్చి, జవాబు కాగితం మీద తీసుకోవాలి. ఎవరు ఏమి రాశారో, ఎవరు రాయలేదో అందరికీ తెలియజేయాలి. "సంతకాలు ఎన్నో చూశాం" అని యువకులు అనవచ్చు. అందుకే ఒక ప్రతి మన దగ్గర ఉండాలి. గెలిచిన ఆరు నెలలకు దానిని తీసుకొని బందరులోని కలెక్టరు కార్యాలయంలో సోమవారం అర్జీల కార్యక్రమానికి వెళ్లాలి. ఏడాదికి సమాచార హక్కు చట్టం కింద ప్రగతి అడగాలి. ఒక్క అభ్యర్థి కూడా జవాబు ఇవ్వకపోతే, అప్పుడు నోటాకు అర్థం ఉంటుంది. ఎందుకు నొక్కుతున్నామో ముందే ఊరంతటికీ చెప్పి ఉంటాం కనుక, దానికి మరొకరు తమకు తోచిన అర్థం చెప్పలేరు.

రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, ఈ సమావేశాలు షాదీఖానాలోనో, పాఠశాలలోనో పెట్టుకోవాలి గాని మస్జిదులో కాదు. ప్రార్థనా స్థలాలను ఎన్నికల ప్రచారానికి వాడడం ప్రవర్తనా నియమావళికి విరుద్ధం. మతం పేరిట ఓట్లు అడగడం అవినీతికర చర్య అని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పులో స్పష్టం చేసింది. మన పత్రం పౌరుల హక్కుల పత్రంగానే ఉండాలి. రెండవది, కోరికల పత్రం మీద సంతకం పెట్టినవారు ఎవరికి ఓటు వేశారని ఎవరూ అడగకూడదు. ఇంటి ఆడపడుచులను అసలే అడగకూడదు. వారి ఓటు వారిదే.

ఓట్ల లెక్కింపు అయిన తరువాత చేయవలసిన పని మరొకటి ఉంది. ఏ పోలింగు కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో చూపే పట్టికను ఫారం 20 అంటారు. నోటా ఓట్లు కూడా అందులో కేంద్రాల వారీగా ఉంటాయి. పార్టీలవారు దానిని మనకంటే ముందే చదువుతారు. మనమూ చదవాలి. మన పత్రం మీద ఉన్న సంతకాలను, మన కేంద్రంలోని నోటా లెక్కను పక్కపక్కన పెట్టి గెలిచినవారికి, ఓడినవారికి కూడా పంపాలి.

అంతిమంగా చట్టం మారాలి. 2018లో మహారాష్ట్ర, హర్యానా రాష్ట్ర ఎన్నికల సంఘాలు తమ స్థానిక ఎన్నికల్లో నోటాకు అత్యధిక ఓట్లు వస్తే తిరిగి ఎన్నిక జరపాలని నిర్ణయించాయి. మన రాష్ట్ర ఎన్నికల సంఘం కూడా అలాగే చేయాలని అడగడం మన కోరికల పత్రంలో ఐదవ అంశం కావచ్చు. అది నెరవేరేవరకు నోటా బలం దాని ముందు మనం రాసిన కాగితంలోనే ఉంటుంది. కనుక ఎన్నికల ప్రకటన వచ్చేదాకా ఆగవద్దు. వచ్చే ఆదివారమే పేటలో పదిమంది కూర్చొని మొదటి కోరిక రాయండి. కింద మీ పేర్లు, ఇంటి నంబర్లు రాసి సంతకాలు చేయండి.