ఫిట్టరు కుర్రాడికి ఆకలి సగమేనా?

2020లో జగనన్న వసతి దీవెన పెట్టినప్పుడు, హాస్టలు, మెస్సు ఖర్చులకని డిగ్రీ, ఇంజనీరింగు పిల్లలకి ఏడాదికి 20,000, పాలిటెక్నిక్ వాళ్లకి 15,000, ఐటీఐ వాళ్లకి 10,000 రూపాయలు ఖాయం చేశారు. పొద్దస్తమానం ఆకురాయి పట్టి ఇనుము అరగదీసేవాడికి, బెంచీ మీద కూర్చుని చదివేవాడికన్నా ఆకలి సగమే వేస్తుందని ఎవరు తేల్చారో! సర్కారునొక్కదాన్నే అనడమెందుకు? "చదువు అబ్బలేదండీ, ఐటీఐలో పడేశాం" అని కన్నవాళ్లే పెళ్లి పందిట్లో చెబుతుంటారు. పిల్లాడు పక్కనే నిలబడి వింటుంటాడు.

వాడు గోదారి లంకలో దళిత కూలీ కొడుకో, అంతర్వేది వైపు చేపల వేటకెళ్లే ఇంటి బిడ్డో అయితే కష్టం మరీ ఎక్కువ. జూలై, ఆగస్టుల్లో గోదారికి వరద. కాజ్‌వే మునిగితే పడవే దిక్కు. పరీక్షకి కూర్చోవాలంటే 80 శాతం హాజరుండాలి. ఏటికి అవతల చిక్కుకున్న రోజు కూడా ఆబ్సెంటే. ఈలోగా రొయ్యల చెరువు మీద పని దొరుకుతుంది, చేతిలో డబ్బు ఆడుతుంది. ఫిట్టరు, ఎలక్ట్రీషియన్ ట్రేడులు రెండేళ్లు. మొదటి ఏడాదిలోనే మానేస్తే ఆ పిల్లాడు గల్ఫు వెళ్లినా హెల్పరుగానే వెళ్లాలి.

అవసరం వచ్చినప్పుడు మాత్రం ఈ ఐటీఐ పిల్లలే గుర్తొస్తారు. 1996 నవంబరు తుపానుకి కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలూ ఒరిగిపోయినప్పుడు ఊళ్లన్నీ కళ్లల్లో వత్తులు వేసుకుని చూసింది లైన్‌మన్ కోసమే. 2019లో సచివాలయాల లైన్‌మన్ పోస్టులకి సర్కారే ఐటీఐ ఎలక్ట్రికల్ అర్హత అడిగింది. గ్యాసు సంగతీ చూడండి: 1995లో పాశర్లపూడి గ్యాసు బావి రెండు నెలలకి పైగా మండితే ఆ సెగ తగిలింది ఈ గోదారి ఊళ్లకే. గ్యాసు తవ్వుకునే కంపెనీల అప్రెంటిసు సీట్లలో ఈ ఊళ్ల పిల్లలకి మొదటి పిలుపు అందాలి కదా?

మేం అడిగేది సానుభూతి కాదు. మెస్సు డబ్బు అందరికీ ఒకటే చెయ్యండి. వరదలో పోయిన ప్రాక్టికల్ గంటలు నీళ్లు తీశాక మళ్లీ నేర్పించి హాజరు వెయ్యండి. వరసగా మూడు రోజులు రాని కుర్రాడి ఇంటికి ఇన్‌స్ట్రక్టరు రేవు దాటి వెళ్లి, వాళ్ల అమ్మతో మాట్లాడి రావాలి. ఆ పూట ఆయనకి డ్యూటీ కింద రాసి, పడవ చార్జీ ఇప్పించండి.