సరిహద్దు దాటే డిక్రీ, దాటలేని కూలి

2020 జనవరి 17న కేంద్ర న్యాయశాఖ గెజెట్‌లో ఒక ప్రకటన వెలువడింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌ను పరస్పర ప్రాంతంగా పరిగణిస్తామని దాని సారాంశం. వకీళ్ల పరిభాష విప్పి చెబితే అర్థం ఇది: దుబాయి కోర్టో, అబూధాబీ కోర్టో బాకీ మీద ఇచ్చిన డిక్రీని తెచ్చి వరంగల్‌లో జిల్లా కోర్టుకు దాఖలు చేస్తే, ఆ కోర్టే స్వయంగా ఇచ్చిన డిక్రీలాగా అది అమలవుతుంది. ఇట్లాంటి ప్రకటన లేని దేశపు తీర్పయితే, దాని ఆధారంగా ఇక్కడ మూడేళ్ల లోపల కొత్త దావా వేసి నెగ్గాలి. ప్రకటన ఉన్న దేశానికి ఆ శ్రమ లేదు. నేరుగా జప్తు, వేలం.

ఇందులో తప్పేముంది, అప్పు తీసుకున్నవాడు తీర్చవద్దా అని నా విద్యార్థులే నన్నడిగారు. తేలికగా కొట్టిపారేయవలసిన ప్రశ్న కాదిది. విజయ్ మాల్యా మీద బెంగుళూరు రుణ వసూలు ట్రిబ్యునల్ 2017లో ఇచ్చిన తీర్పును మన బ్యాంకులు లండన్ దాకా తీసుకుపోగలిగినది ఇట్లాంటి పరస్పర ఏర్పాటు వల్లనే. అది లేకపోతే విమానం ఎక్కగలిగిన ప్రతి ఎగవేతదారూ సరిహద్దును అడ్డం పెట్టుకుంటాడు. కాబట్టి డిక్రీ సరిహద్దు దాటడమే అన్యాయమని నేననడం లేదు. పరస్పరం అనే ఈ మాటలో ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు అని మాత్రమే అడుగుతున్నాను.

మాల్యాకు లండన్‌లో ఏళ్ల తరబడి వాదించే వకీళ్లున్నారు. 2021 జూలైలో అక్కడి కోర్టు దివాలా తీశాడని ప్రకటించిన తరువాత కూడా అప్పీళ్లు నడిచాయి. మన జిల్లా నుంచి దుబాయి పోయి ఉద్యోగం పోగొట్టుకుని తిరిగివచ్చిన ఫోర్‌మన్‌కు ఏమున్నది? నిజం చెప్పాలంటే తట్ట మోసే కూలీకి అక్కడి బ్యాంకు అప్పే ఇవ్వదు. అతని అప్పు ఊళ్లోనే ఉంటుంది, వీసా కోసం ఏజెంటుకు కట్టిన డబ్బు మీద వడ్డీ రూపంలో. బ్యాంకు వలలో పడేది అంతకంటే ఒక మెట్టు పైనున్న డ్రైవరు, సూపర్‌వైజరు, చిన్న దుకాణదారు. జీతానికి 20 రెట్లు మించి వ్యక్తిగత అప్పు ఇవ్వరాదని, 48 నెలలలో వసూలు చేసుకోవాలని అక్కడి సెంట్రల్ బ్యాంకు 2011లోనే నిబంధన పెట్టింది. కాని 20 నెలల జీతమంటే చిన్న బరువా? ఉద్యోగం యజమాని చేతిలో, నివాస అనుమతి ఆ ఉద్యోగం చేతిలో ఉన్నప్పుడు, యజమాని ఒక్కమాటతో జీతమూ, ఆ దేశంలో నిలిచే హక్కూ కలిసి పోతాయి. పోనిది అప్పు ఒక్కటే.

అతను విమానం ఎక్కిన తరువాత అక్కడ దావా నడుస్తుంది. ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తుంది. ఇది కొత్త కథ కాదు. ఫరీద్‌కోట రాజా తన కొలువు విడిచి వెళ్లిపోయిన ఖజానాదారు మీద తన రాజ్యంలో, తన కోర్టులోనే దావా వేసి, అతను హాజరు కాకుండానే డిక్రీ పుచ్చుకుని, దాన్ని బ్రిటిషిండియాలో వసూలు చేయబోయాడు. 1894లో ప్రీవీ కౌన్సిల్ ఆ డిక్రీ చెల్లదన్నది. ఆ రాజ్యంలో లేనివాడి మీద, ఆ కోర్టుకు లోబడనివాడి మీద ఆ కోర్టుకు అధికారం లేదన్నది. సామ్రాజ్యవాదుల న్యాయస్థానమే అయినా ఒక మంచి సూత్రం చెప్పింది. కాని ఆ సూత్రానికి అప్పుడే ఒక కంత ఉన్నది: ముందుగా ఒప్పందంలో ఆ కోర్టు అధికారాన్ని అంగీకరించినవాడికి ఈ రక్షణ లేదు. ఈనాటి అప్పు ఫారం ఆ కంతలోంచే నడిచివస్తుంది. అరబ్బీలో, ఇంగ్లీషులో అచ్చయిన షరతుల అడుగున ఒక్క సంతకం పెడితే, ఖజానాదారును కాపాడిన సూత్రం డ్రైవరును కాపాడదు.

చట్టంలో కవచాలు లేకపోలేదు. 13వ సెక్షన్ ప్రకారం అధికారంలేని కోర్టు తీర్పు, గుణదోషాలు విచారించని తీర్పు, సహజన్యాయానికి విరుద్ధమైన తీర్పు, మోసంతో సంపాదించిన తీర్పు ఇక్కడ చెల్లవు. సాక్ష్యం పరిశీలించకుండా, ప్రతివాది రాలేదన్న ఒక్క కారణంతో ఇచ్చిన డిక్రీ గుణదోషాల మీద ఇచ్చినది కాదని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. కాని వీటిని రుజువు చేయవలసిన భారం బాకీదారుడిదే. అక్కడి సమన్లు ఏ చిరునామాకు పోయాయో, అక్కడి కోర్టు ఏ సాక్ష్యం చూసిందో పర్వతగిరిలో కూర్చున్నవాడు ఏ ఖర్చుతో, ఏ భాషలో తెలుసుకుంటాడు? పైగా అమలుకు కాలపరిమితిని డిక్రీ ఇచ్చిన దేశపు చట్టాన్ని బట్టే లెక్కించాలని 2020 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఎన్నాళ్లు భయపడాలో కూడా అతనికి తెలియదు.

ఇప్పుడు ఎదురు దిక్కు చూడండి. ఆరు నెలల కూలి ఎగ్గొట్టిన కంపెనీ మీద అతనికి ఏ దారి ఉన్నది? పని జరిగినది అక్కడ, ఒప్పందం అక్కడిది, కంపెనీ ఆస్తి అక్కడిది. వరంగల్ కోర్టు పరిధిలోకి ఆ యజమాని రాడు. అక్కడే దావా వెయ్యాలంటే అక్కడ ఉండాలి, ఉండడానికి వీసా కావాలి, ఆ వీసా ఆ యజమానే ఇవ్వాలి! కాగితం మీద 44ఎ సెక్షన్ కూలివాడి డిక్రీకీ, బ్యాంకు డిక్రీకీ తేడా చూపదు. జీవితంలో బ్యాంకు డిక్రీ విమానంలో వస్తుంది, కూలివాడి డిక్రీ పుట్టనే పుట్టదు. ఆస్తి ఉన్నవాళ్ల మధ్య సమానత్వాన్ని మనుషులందరి సమానత్వంగా చూపించడం బూర్జువా చట్టానికి పాత విద్యే.

ఓరుగల్లు నేలకు ఇది అర్థంకాని విషయం కాదు. నాగు తెచ్చుకున్న గింజలకు భగేలాగా తరతరాలు చాకిరీ చేసిన జనం మనది. కాగితం దొరది, లెక్క దొరది, తీర్పూ దొరదే. ఆ కాగితాన్ని చింపినది కోర్టు కాదు, సంఘం. ఆ పోరాటాలు గడిచిన తరువాతనే 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చి, వెట్టికి కారణమైన అప్పులు చెల్లవన్నది. అప్పు పవిత్రమైనది కాదు, ఏ సంబంధాలలో పుట్టిందో చూడాలి అన్న సూత్రాన్ని ఈ దేశపు చట్టం అప్పుడు ఒప్పుకున్నది.

కాబట్టి మనం కోరవలసినవి స్పష్టం. విదేశీ డిక్రీ దాఖలైన ప్రతి కేసులో బాకీదారుకు తెలుగులో నోటీసు, ఉచితంగా వకీలు ఉండాలి. సమన్లు సక్రమంగా అందాయని, సాక్ష్యం విచారణ జరిగిందని రుజువు చేసే భారం డిక్రీదారు మీద పెట్టాలి. వ్యవసాయదారు, కూలివాడు కాపురముండే ఇంటిని జప్తు చేయరాదనే 60వ సెక్షన్‌ను నిక్కచ్చిగా అమలు జరపాలి. చెల్లించే శక్తి లేకపోవడమే నేరంగా ఎవరినీ జైలుకు పంపరాదని 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పు ప్రతి జిల్లా కోర్టులో వినిపించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, తిరిగివచ్చిన కార్మికుడు తన ఊరినుంచే ఎగవేసిన కూలికి దావా నడుపుకోగల ఏర్పాటు రెండు ప్రభుత్వాల ఒప్పందంలో ఉండాలి. ఆ ఏర్పాటు లేనంతకాలం దాన్ని పరస్పరమని పిలవడానికి నేను ఒప్పుకోను.

న్యాయశాస్త్రం చదివే మిత్రులు సెలవులకు ఊళ్లకు పోయినప్పుడు ఈ 13, 60 సెక్షన్ల సంగతి దుబాయి నుంచి వచ్చినవాళ్లకు తెలుగులో చెప్పండి. అప్పు ఫారాల నకళ్లు సేకరించండి. ఉపాధ్యాయులు ఆ పనికి బడి అరుగులు ఇవ్వండి. జప్తు అమీను ఇంటి ముందుకు వచ్చిన నాడు చట్టం వెతుక్కోవడం మొదలుపెడితే ఆలస్యమవుతుంది.