సొమ్మూ వారి వద్దే, తీర్పూ వారిదే

సూరత్ రింగురోడ్డు వెంబడి బారులు తీరిన జౌళి మార్కెట్ల నుంచి చీరల బేళ్లు లారీలకెక్కి దేశం నలుమూలలకూ తరలిపోవడం దశాబ్దాలుగా సాగుతున్నదే. కొన్నేళ్లుగా ఆ బేళ్ల సరసన మరో రకం సరుకు పోగుపడుతోంది. ఒక్కో సంచిలో ఒక్కటే చీర, దానిమీద ఒక్క కొనుగోలుదారు చిరునామా. కరీంనగర్‌లోనో కడపలోనో ఒక గృహిణి సెల్‌ఫోనులో బొమ్మ చూసి కోరుకున్న చీర అది. టోకు వర్తకంతో పెరిగిన నగరం ఈ-కామర్స్ సంస్థల ద్వారా చిల్లర వర్తకంలోకీ దిగింది. సరుకు అమ్ముడుపోవడం మునుపటికంటే సులువైంది. అమ్మిన సరుకు తాలూకు డబ్బు చేతికందడం మాత్రం అంత సులువుగా లేదు.

కొనుగోలుదారు చెల్లించిన సొమ్ము నేరుగా అమ్మకందారుకు చేరదు. అది ముందుగా ఆన్‌లైన్ సంస్థ ఏర్పాటులో నిలుస్తుంది. వాపసు గడువు ముగిశాక, సంస్థ తన రుసుములు మినహాయించుకుని మిగిలినది పంపుతుంది. ఈలోగా కొనుగోలుదారు చీర చిరిగి ఉన్నదనో, రంగు వేరనో, అసలు పెట్టె ఖాళీగా వచ్చిందనో ఫిర్యాదు చేస్తే చెల్లింపు ఆగిపోతుంది. ఫిర్యాదు నిజమైనదైతే ఇందులో తప్పుపట్టవలసింది లేదు. అయితే కొత్త చీర వెళ్లి పాత చీర వాపసు వచ్చినప్పుడు, కట్టి విడిచిన చీరకే మడతలు పెట్టి తిప్పి పంపినప్పుడు ఏం జరుగుతుందన్నదే ప్రశ్న. అమ్మకందారు కొద్ది రోజుల గడువులో ఫొటోలు, వీడియో జతచేసి తన వాదన వినిపించుకోవాలి. చాలా సందర్భాల్లో అతనికి అందే జవాబు ఒకటి రెండు ముక్తసరి వాక్యాలు. ఏ ఆధారాన్ని పరిశీలించారో, దేనిని ఎందుకు తోసిపుచ్చారో ఆ వాక్యాల్లో ఉండదు.

చిన్న వర్తకుడికి ఇది ఎంత భారమో ఒక లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. 360 రూపాయలు పడిన చీరను 400 రూపాయలకు అమ్మాడనుకుందాం. ఆ చీర మారిపోయి వచ్చి, సొమ్ము కొనుగోలుదారుకు తిరిగి వెళ్లిపోతే, పోయిన 360 పూడ్చుకోవడానికి అతను మరో తొమ్మిది చీరలు ఏ వివాదమూ లేకుండా అమ్మాలి. రానుపోను రవాణా రుసుము మీద పడితే అది వేరు.

పాత పద్ధతిలో మోసాలు లేవని కాదు. అరువు మీద సరుకు తీసుకుని నెలల తరబడి చెల్లించని దుకాణదారులు, అమ్ముడుపోని సరుకును సీజను చివర తిప్పి పంపేవారు సూరత్ వర్తకులకు కొత్తేమీ కాదు. కానీ అక్కడ మధ్యలో ఆడతియా ఉంటాడు, దళారి ఉంటాడు. ఇరుపక్షాలనూ ఎరిగిన వారు వారు. మాట తేడా వస్తే వర్తక సంఘం పెద్దల ముందు కూర్చునే ఆనవాయితీ ఉంది. మొగలుల కాలంలో రేవు పట్టణంగా వెలిగిన సూరత్‌లో హుండీ చెల్లుబాటైంది కూడా పరిచయం మీద, పరువు మీదనే. నేటి చీర అమ్మకందారుకు కొనుగోలుదారు ముఖపరిచయం లేదు. తీర్పు చెప్పేవారి పేరు కూడా తెలియదు. పైగా ఆ తీర్పరి నిష్పాక్షికంగా ఉండగల స్థితిలోనే లేడు. కొనుగోలుదారును నిలుపుకోవడం సంస్థకు లాభం. ఒక అమ్మకందారు పోతే ఆ చోటుకు అలాంటి చీరతోనే మరొకరు వస్తారు.

దీన్నిబట్టి కొనుగోలుదారు హక్కులు కుదించాలని కోరడం పొరపాటవుతుంది. బొమ్మలో పట్టు చూపి పాలిస్టరు పంపినవారు సూరత్‌లోనూ ఉన్నారు, ఇతరత్రానూ ఉన్నారు. మండల కేంద్రంలో ఉండి ఫోను మీద కొనే మనిషి న్యాయవాదిని పెట్టుకోలేడు. అందుకే 2020 జూలై 23న ప్రకటించిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు ఫిర్యాదుకు 48 గంటల్లో రసీదు, నెలలోగా పరిష్కారం ఇవ్వాలని సంస్థలను ఆదేశించాయి. లోపమున్న సరుకును, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కు తీసుకోనని అమ్మకందారు అనరాదని శాసించాయి. ఇవన్నీ సమంజసమే. కాగా అవే నిబంధనలు మేధోసంపత్తి చట్టాల కింద తొలగించిన సరుకును పదేపదే అమ్మకానికి పెట్టేవారి రికార్డు ఉంచాలని సంస్థలకు చెబుతున్నాయి. పదేపదే అబద్ధపు వాపసులు చేసే కొనుగోలుదారు విషయంలో అలాంటి బాధ్యత ఏదీ పెట్టలేదు.

చిన్న పరిశ్రమలను ఆదుకునే చట్టం లేదా అంటే ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు తీసుకున్నవారు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ కట్టాలి. వివాదాలు తేల్చడానికి రాష్ట్రాల్లో ఫెసిలిటేషన్ కౌన్సిళ్లు ఉన్నాయి. ఫిర్యాదుల నమోదుకు 2017 అక్టోబరులో సమాధాన్ పోర్టల్ ప్రారంభమైంది. ఈ గడువులో చెల్లించని బాకీని కొన్నవారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదన్న ఆదాయపు పన్ను నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చినప్పుడు సూరత్ జౌళి మార్కెట్లలో ఎంత అలజడి రేగిందో తెలిసిందే.

ఈ రక్షణ ఆన్‌లైన్ అమ్మకందారు దరికి చేరదు. చీరను కొన్నది గృహిణి. ఆన్‌లైన్ సంస్థ కొనుగోలుదారు కాదు, మధ్యవర్తి మాత్రమే. 45 రోజుల గడువు ఎవరి మీద మోపాలి? రెండో అడ్డంకి మరింత విచిత్రమైనది. చిల్లర, టోకు వర్తకులను 2021 జూలైలో ఈ తరగతిలో చేర్చినప్పటికీ, బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే ఆ ప్రయోజనాన్ని పరిమితం చేశారు. కనుక మరమగ్గం మీద బట్ట నేసినవాడికి వర్తించే చట్టం, అదే బట్టను కొని అమ్మే వర్తకుడికి వర్తించదు. లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ జిల్లాల నుంచి వలసవెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడిపేంత సంఖ్యలో తెలుగు పిల్లలు సూరత్ నగరపాలక సంస్థ బడులకు వచ్చారు. ఆ ఇళ్లలో తండ్రి మగ్గం మీద ఉండి, కొడుకు ఫోను మీద చీరలు అమ్మితే, ఒకే ఇంట్లో ఒకరికి చట్టం అండ ఉంటుంది, మరొకరికి ఉండదు.

ఇక మిగిలినది సంస్థతో కుదుర్చుకున్న ఒప్పందం. అది సాధారణంగా మధ్యవర్తిత్వాన్నో, సంస్థ ఎంచుకున్న నగరంలోని న్యాయస్థానాన్నో చూపిస్తుంది. నాలుగు వందల చీర కోసం ఎవరూ అక్కడికి రైలెక్కరు. స్వయం ఉపాధితో పొట్టపోసుకునేవారిని 2019 వినియోగదారుల చట్టం వినియోగదారు నిర్వచనం నుంచి తొలగించలేదు. ఆ దారిలో సంస్థ సేవాలోపంపై జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చునన్న వాదన చేయదగినదే. కానీ ప్రతి చీరకూ ఒక వ్యాజ్యం వేసేదెవరు?

సంస్థలను కాదని వాట్సాప్ మీద నేరుగా అమ్మేవారి చిక్కులు వేరు. యూపీఐలో డబ్బు పంపినట్టు నకిలీ తెరచిత్రం చూపించి సరుకు పట్టుకుపోయేవారి సంగతి అటుంచితే, నిజంగా వచ్చిన డబ్బే కొంప ముంచవచ్చు. సైబర్ మోసగాడు ఎవరి ఖాతానో కొల్లగొట్టిన సొమ్ముతో చీరలు కొంటే, బాధితుడు 1930 నంబరుకు ఫిర్యాదు చేసిన మీదట ఆ సొమ్ము చేరిన ఖాతాలన్నీ స్తంభించిపోతాయి. ఫిర్యాదు హైదరాబాద్‌లో, ఖాతా సూరత్‌లో. రెండు వేల వివాదానికి రెండు లక్షలున్న ఖాతా మూతపడితే మగ్గాల కూలీకి, రంగుల అద్దకానికి డబ్బులుండవు. ఫిర్యాదులో పేర్కొన్న మొత్తానికే ఆంక్ష పరిమితం కావాలని కేరళ హైకోర్టు 2023లో స్పష్టం చేసింది. పోలీసులు, బ్యాంకులు ప్రతి చోటా దీనిని పాటించవలసి ఉంది.

అమ్మకందారును పూర్తిగా సంస్థల దయకు వదిలితే ఏమవుతుందో చైనా చూపింది. సరుకు తిరిగి పంపకుండానే సొమ్ము వాపసు పొందే సదుపాయాన్ని పిండువోడువో సంస్థ 2021లో తెచ్చింది. 2023 చివరికి పోటీ సంస్థలూ అదే బాట పట్టాయి. 2024 జూలైలో అదే గ్రూపుకు చెందిన టెము అమ్మకందారులు జరిమానాలకు, నిలిపివేసిన చెల్లింపులకు నిరసనగా గ్వాంగ్జౌ కార్యాలయం ముందు గుమిగూడారు. 2025లో సంస్థలే ఈ విధానం నుంచి వెనక్కు తగ్గవలసి వచ్చింది. ఐరోపా సమాజం గొడవ ముదిరేదాకా ఆగలేదు. 2020 జూలై 12 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం అక్కడ అమ్మకందారుపై చర్య తీసుకునే సంస్థ కారణాలు రాసివ్వాలి, ఉచితంగా ఫిర్యాదు వినాలి, అవసరమైతే ఆశ్రయించడానికి బయటి మధ్యవర్తుల పేర్లు ముందే ప్రకటించాలి.

మన దేశంలో డబ్బు భద్రతకు రిజర్వు బ్యాంకు శ్రద్ధ తీసుకున్నది. చెల్లింపుల మధ్యవర్తులు వర్తకుల సొమ్మును తమ సొంత నిధులతో కలపకుండా ప్రత్యేక ఎస్క్రో ఖాతాలో ఉంచాలని 2020 మార్చిలోనే నిర్దేశించింది. ఆ సొమ్ము ఎవరికి చెందుతుందో తేల్చే పద్ధతి మాత్రం ఇప్పటికీ ప్రైవేటు ఒప్పందాల చాటునే ఉంది. 2020 నిబంధనల్లోనే అమ్మకందారుకూ ఒక అధ్యాయం చేర్చి, లిఖితపూర్వక కారణం, నిర్ణీత గడువు, సంస్థకు వెలుపలి తీర్పరి అన్న మూడింటినీ అందులో పెట్టవలసి ఉంది. అమ్మకందారు తన భాషలో వాదన వినిపించుకునే వీలు కూడా కల్పించాలి.

అంతవరకూ వర్తకులు కట్టిన పొట్లం తూకాన్ని, చిరునామా చీటీని, చీర మడతను ఒకే వీడియోలో తెగకుండా తీయడం, వాపసు వచ్చిన పొట్లాన్ని కెమెరా ముందే విప్పడం తప్ప గత్యంతరం లేదు. అరువు తగాదాలు తీర్చడంలో అనుభవమున్న సూరత్ వర్తక సంఘాలు వాపసు తగాదాల ఆధారాలను కూడా సేకరించి, సంస్థల వారీగా లెక్కకట్టి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ముందు పెట్టవచ్చు. ఒక్క చీర తగాదాను ఢిల్లీ పట్టించుకోదు. వేల చీరల లెక్కను తోసిపుచ్చడం దానికి అంత తేలిక కాదు.