గెలుపు లెక్క, గుమ్మం లెక్క

వేసవి వచ్చిందంటే దేవనహళ్ళి తెలుగు ఇళ్ళలో రెండు వాదనలు తప్పవు. ఆవకాయలో ఉప్పు చాలిందా లేదా అన్నది ఒకటి. క్రికెట్టులో ప్లేఆఫ్‌కు ఎవరు వెళ్ళడం న్యాయమన్నది రెండవది. మొదటిదాన్ని మూడవనాడు జాడీ మూత తీసి, రుచి చూసి పెద్దవాళ్ళు తేల్చేస్తారు. రెండవది మరుసటి వేసవిదాకా తేలదు. ఈ నెల ఆ తేలని వాదనను గురించే పాఠకులతో నాలుగు మాటలు ముచ్చటించదలిచాము.

కారణం మన కుటుంబాల్లోనే ఉంది. తరాలుగా ఇక్కడ స్థిరపడ్డవాళ్ళం. వీధిలో కన్నడం, వంటింట్లో తెలుగు. పిల్లలు పుట్టి పెరిగింది ఇక్కడ కనుక వాళ్ళది బెంగళూరు జట్టు. నెల్లూరు అల్లుడుగారికి చెన్నై దగ్గర, అందుచేత ఆయనది పసుపు చొక్కా. హైదరాబాదు కోడలు పుట్టింటి జట్టును ససేమిరా వదలదు. ఐ.పి.ఎల్. మొట్టమొదటి ఆట 2008 ఏప్రిల్ 18న బెంగళూరు చిన్నస్వామి మైదానంలో జరిగింది. మన దేవనహళ్ళి విమానాశ్రయం తెరిచింది ఆ మే నెలలో. అంటే నెత్తిమీద విమానాల మోతా, ఇంట్లో ఈ మోతా ఒక ఈడువే.

హైదరాబాదు పేరెత్తితే బెంగళూరు పిల్లలకు రెండు పాతగాయాలు సలుపుతాయి. 2009లో జొహానెస్‌బర్గ్‌లో దక్కన్ ఛార్జర్స్ ఆరు పరుగుల తేడాతో ఫైనల్ గెలిచింది. 2016 మే 29న సన్‌రైజర్స్ సాక్షాత్తు చిన్నస్వామి మైదానంలోనే ఎనిమిది పరుగుల తేడాతో గెలిచింది. ఓడింది రెండుసార్లూ బెంగళూరే. మా కోడలు ఈ రెండు తేదీలనూ పెళ్ళిరోజులా గుర్తుపెట్టుకుంటుంది.

2016 నాటి తగవు మా ఇంట్లో ఇంకా చల్లారలేదు. ఆ యేడు లీగు పట్టికలో బెంగళూరు రెండవది, హైదరాబాదు మూడవది. “పైనున్నవాణ్ణి కిందివాడు ఒక్క రాత్రిలో ఓడిస్తే, పధ్నాలుగు ఆటల కష్టం ఏమైనట్టు?” అని మా పెద్దబ్బాయి ఇప్పటికీ అడుగుతాడు. ఏమీ కాలేదు, దానికీ లెక్క ఉంది. పట్టికలో మొదటి ఇద్దరూ ఒక ఆట ఆడతారు. గెలిచినవారు నేరుగా ఫైనల్‌కు పోతారు. ఓడినవారికి ఇంకొక అవకాశం ఉంటుంది. మూడు, నాలుగు స్థానాలవారు ఎలిమినేటర్ ఆడతారు, ఓడితే ఇంటిదారే. ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో 1931లోనే వాడిన పద్ధతి ఇది. ఐ.పి.ఎల్. మొదట మూడేళ్ళు మామూలు సెమీఫైనళ్ళతో నడిచి, 2011 నుంచి దీన్ని పట్టుకున్నది. 2016లో బెంగళూరు ఒక్క ఆట గెలిచి ఫైనల్‌కు చేరింది. హైదరాబాదు కోల్‌కతాను, గుజరాత్ లయన్స్‌ను, ఇద్దరినీ దాటి రావలసి వచ్చింది. కనుక రెండవ స్థానానికి దక్కవలసిన ఫలం దక్కింది. పైగా ఫైనల్ సొంత మైదానం. ఆ మీదట గెలవడం ఆనాటి రాత్రి పని.

అంతకంటె పెద్ద తగవు 2024 మే 18 రాత్రిది. బెంగళూరు మొదటి ఎనిమిది ఆటల్లో ఒక్కటే గెలిచి, తరువాత వరుసగా ఐదు గెలిచి, లీగులో ఆఖరి ఆటకు చెన్నై ఎదుట నిలిచింది. గెలుపొక్కటే చాలదు. బెంగళూరు 218 పరుగులు చేసింది. చెన్నైకి గెలవాలంటే 219 కావాలి. ఓడినా ప్లేఆఫ్‌కు పోవాలంటే 201 చాలు. చివరి ఓవరుకు ఆ 201 అందుకోవడానికి పదిహేడు పరుగులు మిగిలాయి. యశ్ దయాళ్ వేసిన మొదటి బంతిని ధోనీ సిక్సరు కొట్టాడు, రెండవ బంతికి అవుటయ్యాడు. తక్కిన నాలుగు బంతుల్లో వచ్చింది ఒకే పరుగు. చెన్నై 191 దగ్గర ఆగిపోయింది. రెండు జట్లకూ పధ్నాలుగేసి పాయింట్లు. నెట్ రన్ రేటు బెంగళూరుకు 0.459, చెన్నైకి 0.392. నాలుగవ చోటు బెంగళూరుకు దక్కింది.

“గెలిచినా చాలదని ఒకళ్ళు, ఓడినా ఫరవాలేదని ఒకళ్ళు! ఇదేం ఆటర్రా?” అన్నారు మా అత్తగారు.

నెల్లూరు అల్లుడుగారు దీన్ని పట్టుకుని, పాయింట్లు సమానమైతే ఇద్దరి ముఖాముఖి ఆటల్లో ఎవరు గెలిచారో చూడాలి గాని ఈ దశాంశాలేమిటన్నారు. చూశాము. ఆ సంవత్సరం మార్చి 22న చెన్నైలో చెన్నై గెలిచింది, మేలో బెంగళూరు గెలిచింది. చెరొకటి. అక్కడా తెగలేదు.

మాది జమాఖర్చులు రాసే ఉద్యోగం కనుక ఈ దశాంశాల మర్మం చెప్పే పని మాకు పడింది. సీజను మొత్తంమీద ఓవరుకు తాను చేసిన పరుగుల సగటు జమ. ఓవరుకు ఎదుటివారికి ఇచ్చుకున్న పరుగుల సగటు ఖర్చు. జమలోంచి ఖర్చు పోగా మిగిలిన నిలవే నెట్ రన్ రేటు. ఒక షరతు ఉంది. జట్టంతా పదిహేను ఓవర్లకే కూలిపోయినా, లెక్క పూర్తి ఇరవై ఓవర్లకూ వేస్తారు. లేకుంటే తొందరగా చేతులెత్తేసినవాడి సగటే మెరుగ్గా కనబడుతుంది. ఈ షరతు విన్నాక మా అత్తగారు “అదీ బాగానే ఉంది” అన్నారు. అల్లుడుగారు మాత్రం మౌనం వహించారు.

ఇలాంటి తగవులు మనకే అనుకోనక్కరలేదు. డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు అమెరికా ఫుట్‌బాల్ చూస్తాడు. బంతిని చేతబట్టి పరుగెత్తే ఆటకు ఆ పేరెందుకో మాకు తెలియదు గాని, వాడు ఫోనులో చెప్పిన తగవు మాత్రం బాగా తెలిసింది. 2022 జనవరి 23న కాన్సస్ సిటీ, బఫెలో జట్లు ప్లేఆఫ్‌లో 36-36గా సమానమయ్యాయి. అదనపు సమయానికి నాణెం ఎగరేశారు. అప్పటి నియమం ప్రకారం, ముందు బంతి అందుకున్నవాళ్ళు టచ్‌డౌన్ చేస్తే ఆట అక్కడితో సరి. నాణెం కాన్సస్ సిటీవైపు పడింది, టచ్‌డౌన్ అయింది, 42-36తో ఆట ముగిసింది. ఎదురుదాడికి బఫెలో చేతికి బంతే రాలేదు. మన పిల్లలు పంటలు వేసుకుని ఆడే ఆటలో ఇలా జరిగితే “తొండి, తొండి” అని వీధి దద్దరిల్లేది. అక్కడా దద్దరిల్లింది. ఆ మార్చిలోనే, ప్లేఆఫ్ ఆటల్లో ఇరుపక్షాలకూ ఒక్కసారైనా బంతి అందాలని నియమం మార్చారు. 2025లో తక్కిన లీగు ఆటలకూ దాన్ని విస్తరించారు.

మరి 2024 ఫిబ్రవరి 11న సూపర్ బౌల్‌లో ఏమైంది? శాన్‌ఫ్రాన్సిస్కో నాణెం గెలిచి ముందు బంతి తీసుకుంది. కాన్సస్ సిటీ తరువాత ఆడి 25-22తో గెలిచింది. కొత్త నియమం తమకు తెలియనే తెలియదని ఆట అయ్యాక శాన్‌ఫ్రాన్సిస్కో ఆటగాళ్ళు కొందరు చెప్పారు. ఆడలేక మద్దెల ఓడు అనడం ఒకటి. మద్దెల మారిందని తెలుసుకోకుండా ఆడడం మరొకటి.

క్రికెట్టులోనూ అంతే. 2019 జూలై 14న లార్డ్స్‌లో ప్రపంచకప్ ఫైనల్. ఇంగ్లండు 241, న్యూజీలాండు 241. సూపర్ ఓవరులో చెరి పదిహేను. బౌండరీలు ఎవరివి ఎక్కువని చూసి, 26కు 17 ఉన్నాయని ఇంగ్లండుకు కప్పు ఇచ్చారు. లోకమంతా వాదించింది. ఆ అక్టోబరులో నియమం మార్చారు: ఇకపై సూపర్ ఓవరూ సమానమైతే మళ్ళీ సూపర్ ఓవరే. అయినా న్యూజీలాండుకు కప్పు తిరిగి రాలేదు. బఫెలో ఓటమీ చెరిగిపోలేదు.

ఇందులో మాకు కనిపించిన నీతి చిన్నది. నియమం ఆటకు ముందే రాసి ఉండాలి. ఇద్దరికీ ఒకటే కావాలి. బాగాలేకపోతే మార్చుకోవాలి, అయితే వచ్చే ఆటకు. అభిమానుల కేకలు వట్టి కాలక్షేపం కాదు. ఆ కేకలే రెండు దేశాల ఆటలకు రెండు మంచి నియమాలు తెచ్చాయి. కనుక ఇంట్లో పిల్లలు నియమాలమీద వాదిస్తే నోరు మూయించకండి. కాగితం, పెన్సిలు ఇచ్చి లెక్క వేయమనండి.

ఇంతవరకు ఆట లెక్క. ఇక గుమ్మం లెక్క.

“ఈ సల కప్ నమ్దే” అని ఏటా అనుకున్న మాట 2025 జూన్ 3న నిజమయింది. అహ్మదాబాదులో బెంగళూరు పంజాబును ఆరు పరుగుల తేడాతో ఓడించింది. పద్ధెనిమిదవ ఏట మొదటి కప్పు. ఆ రాత్రి మన వీధుల్లో టపాకాయలు కాలాయి. అల్లుడుగారు కూడా మిఠాయి తిన్నారు. మర్నాడు చిన్నస్వామి మైదానం దగ్గర సంబరమన్నారు. ఊరేగింపు ఉందన్న మాటా, లేదన్న మాటా ఒకే రోజు జనంలో తిరిగాయి. సుమారు ముప్పై అయిదు వేలమంది పట్టే మైదానం చుట్టూ లక్షలమంది చేరారు. గేట్ల దగ్గర తొక్కిసలాటలో పదకొండుమంది చనిపోయారు, యాభైమందికి పైగా గాయపడ్డారు.

మా వీధినుంచి నలుగురు పిల్లలు ఆ మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళారు. గేటుదాకా చేరలేకపోయారు కనుక రాత్రి ఎనిమిదింటికి క్షేమంగా ఇల్లు చేరారు. ఈలోగా వాళ్ళ ఫోన్లు పలకలేదు. నలుగురు తల్లులూ వీధి గుమ్మంలో నిలబడి ఎదురుచూసిన ఆ మూడు గంటలూ మేము కళ్ళారా చూశాము. ఆ సాయంత్రం ఎవరూ నెట్ రన్ రేటు మాట ఎత్తలేదు.

జమాఖర్చులు రాసే చేతికి ఇందులో ఒకటి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పరుగుల సగటును మూడు దశాంశాలదాకా లెక్కగట్టగల ఆట ఇది. బంతి బ్యాటుకు తగిలిందా లేదా అని యంత్రం పెట్టి వింటారు. అంత లెక్క ఉన్నచోట, ఏ గేటు ఎప్పుడు తెరుస్తారు, ఎంతమంది పడతారు, నిండితే తక్కినవారు ఎటు మళ్ళాలి అన్న లెక్క వచ్చిన ప్రతివాడికీ ముందుగా తెలియలేదు. ఆటకు చెప్పిన నీతే గుమ్మానికీ వర్తిస్తుంది: నియమం ముందే ఉండాలి, అందరికీ తెలియాలి. ఒక్కటే తేడా. ఆటలో నియమం చెడితే కప్పు పోతుంది, మరుసటి ఏడు మళ్ళీ వస్తుంది. గుమ్మం దగ్గర చెడితే వచ్చే ఏడు లేదు.

పెద్దల పని పెద్దలు చేస్తారు. మన పని మనకుంది. పిల్లలు జనంలోకి వెళ్ళేముందు నాలుగు మాటలు చెప్పి పంపుదాము. టిక్కెట్టు చేతిలో లేనిదే గేటువైపు పోవద్దు. వెనకనుంచి తోపు మొదలైతే ముందుకు కాక పక్కకు జరగాలి. విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో బస్సు దిగగానే అనుకోవాలి. ఫోను పలకకపోతే ఎన్నింటికల్లా ఇల్లు చేరాలో ఇంట్లో చెప్పి వెళ్ళాలి.

మన సంఘం ఉగాది సభ సంగతీ ఇందులోనిదే. పచ్చడి పంచేవేళ వాకిలి ఒకటే, జనం మాత్రం ఏటేటా పెరుగుతున్నారు. ఈసారి రాకకు ఒక ద్వారం, పోకకు ఒక ద్వారం పెట్టి, కుర్చీలు లెక్కించి, ద్వారం దగ్గర మాట చెప్పడానికి ఒక్కరినే నియమించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాము. లెక్క రాయడానికి మేము సిద్ధం. సభ అయ్యాక ప్లేఆఫ్ తగవుకు ఎవరు వచ్చినా సిద్ధమే. నెల్లూరు అల్లుడుగారు ఇప్పటికే పేరు ఇచ్చారు.