లెక్కకు అందని మెమరీ

ఇంటి కంప్యూటరు ముందు కూర్చున్న గృహస్థుకు ఒక చిక్కు ఎదురవుతుంది. నిన్నమొన్నటి దాకా చురుకుగా పనిచేసిన యంత్రం ఇప్పుడు ఒక ఉత్తరం తెరవడానికి కూడా తాత్సారం చేస్తున్నది. పిల్లవాని పరీక్ష దరఖాస్తుకు గడువు ఆ రాత్రితో ముగుస్తుంది; తెర మాత్రం కదలదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కి విండోస్‌లోని టాస్క్ మేనేజర్‌ను తెరిస్తే, ఉన్న 8 గిగాబైట్ల మెమరీలో 90 శాతం వినియోగంలో ఉన్నట్లు కనిపిస్తుంది. అయితే అక్కడ వరుసగా పేర్కొన్న ప్రోగ్రాముల అంకెలన్నీ కూడితే 3 గిగాబైట్లు దాటవు. మిగిలిన 4 గిగాబైట్లు ఎవరి వద్ద ఉన్నట్లు?

ఈ ప్రశ్నకు సాధారణంగా లభించే సలహాలు రెండు. అదనపు మెమరీ కొని అమర్చుకోవడం మొదటిది. యంత్రంలోని సమస్తాన్నీ తుడిచివేసి విండోస్‌ను కొత్తగా ఎక్కించడం రెండవది. మొదటిది డబ్బుతో కూడిన పని. 2025 ద్వితీయార్ధంలో మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగిన తరువాత మధ్యతరగతి కుటుంబానికి అది చిన్న ఖర్చు కాదు. రెండవదానిలో, తగిన జాగ్రత్త తీసుకొనకపోతే, ఏళ్ల తరబడి దాచుకున్న ఛాయాచిత్రాలు, పత్రాలు పోయే ప్రమాదం ఉన్నది. పైగా ఈ రెండూ దోషం ఎక్కడ ఉన్నదో తెలియకుండా చేసే చికిత్సలు కనుక, కొద్ది రోజులలోనే పాత బాధ తిరిగి రావచ్చు. వీటికి ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. అది లెక్క చూడడం.

పాత్రల దుకాణం

కంప్యూటరులోని మెమరీని పెళ్లిళ్లకు వంటపాత్రలు అద్దెకిచ్చే దుకాణంతో పోల్చవచ్చు. దుకాణదారు స్థానంలో ఉన్నది ఆపరేటింగ్ సిస్టం. ప్రోగ్రాములు వచ్చి కావలసినన్ని పాత్రలు తీసుకొనిపోతాయి. పని ముగిసిన తరువాత తిరిగి అప్పగించాలి. పాత్రలు చాలనపుడు దుకాణదారు, వెంటనే అవసరం లేని పాత్రలోని సరుకును డిస్కు అనే గిడ్డంగికి తరలించి, ఖాళీ చేసిన పాత్రను మరొకరికి ఇస్తాడు.

ఈ ఉపాయం కొత్తది కాదు. 1962లో ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో ప్రారంభమైన అట్లాస్ కంప్యూటరులో, గిరగిర తిరిగే అయస్కాంత డ్రమ్మును ఈ విధంగానే మెమరీకి అనుబంధంగా వాడుకొన్నారు. దీనిలోని ప్రమాదాన్ని 1968లో పీటర్ డెనింగ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు విశదీకరించాడు. తరలింపు మితిమీరితే యంత్రం అసలు పని మాని, సరుకును అటూ ఇటూ మోయడంలోనే కాలమంతా వెచ్చిస్తుంది. ఆ రాత్రి తెర కదలకపోవడానికి చాలావరకు కారణం ఇదే.

అయితే మెమరీ నిండి ఉండడమే దోషమని భావించరాదు. దుకాణంలో ఊరక పడి ఉన్న పాత్ర వలన ఎవరికీ ప్రయోజనం లేదు. అందువలన ఆపరేటింగ్ సిస్టం ఖాళీగా ఉన్న మెమరీలో ఇటీవల వాడిన ఫైళ్లను నిలువ చేసి ఉంచుతుంది. 2007లో మార్కెట్టుకు వచ్చిన విండోస్ విస్టా నుండి, మనిషి ఏ ప్రోగ్రామును తెరవబోతాడో ఊహించి దానిని ముందుగానే తెచ్చి పెట్టే ఏర్పాటు కూడా ఉన్నది. టాస్క్ మేనేజర్‌లో ‘కాష్డ్’ అని కనిపించే అంకె ఇదే. ఎవరైనా అడిగిన మరుక్షణం ఈ భాగంలో అధికాంశాన్ని ఖాళీ చేసి ఇవ్వవచ్చు. లినక్స్ వాడేవారు కూడా ‘ఫ్రీ’ అనే అంకె చిన్నదిగా ఉన్నదని తరచు కలవరపడతారు. వారు చూడవలసినది ‘అవైలబుల్’ అనే అంకెను. అందుబాటులో తగినంత ఉండి, యంత్రం సాఫీగా నడుస్తూ ఉంటే చికిత్స అవసరమే లేదు.

జాబితాలో లేని అప్పులు

మరి కూడికకు అందని ఆ 4 గిగాబైట్ల మాట ఏమిటి? టాస్క్ మేనేజర్ ప్రోగ్రాముల జాబితాలో ప్రతి పేరుకు ఎదురుగా చూపేది ప్రధానంగా ఆ ప్రోగ్రాము సొంతంగా వాడుకొనే మెమరీని మాత్రమే. ఆపరేటింగ్ సిస్టం తన కోసం, తన డ్రైవర్ల కోసం తీసుకొన్నది ఆ జాబితాలోకి రాదు. డ్రైవర్లు అంటే వైఫై, ధ్వని, చిత్రం, ప్రింటరు మొదలైన పరికరాలను నడిపే చిన్న ప్రోగ్రాములు. ఇవి దుకాణదారు ఇంటివారి వంటివి. బయటివారికి ఇచ్చిన పాత్రలు పలకపై రాస్తారు. ఇంటివారు తీసుకొన్నవి లోపలి పుస్తకంలోనే ఉంటాయి.

ఆ పుస్తకాన్ని చూడడం కష్టం కాదు. టాస్క్ మేనేజర్‌లోని ‘పెర్ఫార్మెన్స్’ పుటలో ‘మెమరీ’ని ఎంచుకొంటే అడుగున ‘నాన్ పేజ్డ్ పూల్’ అనే అంకె కనిపిస్తుంది. ఇది డిస్కుకు తరలించడానికి వీలులేని మెమరీ. ఇంటి కంప్యూటరులో సాధారణంగా ఇది కొన్ని వందల మెగాబైట్లకు మించదు. గిగాబైట్లలోకి పోయినదంటే ఏదో ఒక డ్రైవరు పాత్రలు తీసుకొని తిరిగి ఇవ్వడం లేదని అనుమానించాలి. దీనినే ‘మెమరీ లీక్’ అంటారు. అదే పుటలో ‘ఇన్ యూజ్’ అంకె ప్రక్కన కుండలీకరణంలో మరొక అంకె ఉంటుంది. విండోస్ 10 వచ్చిన 2015 నుండి, డిస్కుకు పంపవలసిన దానిని ముందు కుదించి మెమరీలోనే ఉంచే పద్ధతి అమలులో ఉన్నది. ఆ కుదించిన భాగం అది.

మరింత సూక్ష్మంగా చూడదలచినవారికి ‘ర్యామ్‌మ్యాప్’ అనే ఉచిత సాధనం ఉన్నది. మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ 1996లో ప్రారంభించిన సిస్‌ఇంటర్నల్స్ సాధనాలలో ఇది ఒకటి. ఆ సంస్థ 2006లో మైక్రోసాఫ్ట్‌లో చేరింది. మెమరీ ఏ తరగతి వారి వద్ద ఎంత ఉన్నదో ఇది తరగతుల వారీగా చూపుతుంది. ‘డ్రైవర్ లాక్డ్’ అనే వరుస పెద్దదిగా ఉంటే, కంప్యూటరులో మరొక కంప్యూటరును అనుకరించే సాఫ్ట్‌వేరు నడుస్తున్నదేమో చూడాలి. ‘నాన్ పేజ్డ్’ వరుస పెద్దదైతే ‘పూల్‌మాన్’ అనే మరొక సాధనం ఉపకరిస్తుంది. డ్రైవర్లు తీసుకొనే ప్రతి ముక్కకు నాలుగు అక్షరాల గుర్తు ఉంటుంది. ఇంటి గిన్నెల అంచున పేరు చెక్కించినట్లే ఇదీను. ఏ గుర్తు గల ముక్కలు గంటగంటకు పెరుగుతున్నవో చూస్తే దోషి ఎవరో బయటపడుతుంది. ఇది కొంత అనుభవం కలవారు చేయవలసిన పని.

ఆర్పినా ఆరని యంత్రం

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు: “రాత్రి ఆపివేసి ఉదయం మళ్లీ పెట్టాము, అయినా మెమరీ నిండే ఉన్నది, కనుక ఇది లీక్ కాదు.” ఈ తర్కం సహేతుకంగా కనిపించినా సరి కాదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు ఉన్నది. ఇది పనిచేస్తున్న యంత్రంలో ‘షట్ డౌన్’ నొక్కినపుడు ప్రోగ్రాములు మూసుకొంటాయి గాని, ఆపరేటింగ్ సిస్టం అంతర్భాగం, డ్రైవర్లు ఉన్నవి ఉన్నట్లుగా డిస్కుపై భద్రపరచబడి, ఉదయం యథాతథంగా తిరిగి వస్తాయి. డ్రైవరు చేసిన పాత అప్పు కూడా వాటితోనే వస్తుంది. ‘రీస్టార్ట్’ నొక్కితే మాత్రం సర్వం కొత్తగా మొదలవుతుంది. అందుచేత పరీక్షకు మొదటి మెట్టు ‘షట్ డౌన్’ కాదు, ‘రీస్టార్ట్’.

ఆ తరువాత ఒక కాగితం చాలు. రీస్టార్ట్ చేసిన పది నిమిషాలకు వినియోగంలో ఉన్న మెమరీ, నాన్ పేజ్డ్ పూల్, అందరికంటె ఎక్కువ వాడుతున్న మూడు ప్రోగ్రాముల అంకెలు రాసుకోవాలి. గంటకొకసారి, కొత్తగా ఏమీ తెరవకుండా, మళ్లీ రాయాలి. అంకె ఎక్కి ఒకచోట నిలిచినదంటే అది అవసరం. నిలువక ఎక్కుతూనే ఉన్నదంటే అది లీక్. ఎక్కుతున్నది బ్రౌజరైతే, ఏ పుట కారణమో దాని సొంత టాస్క్ మేనేజర్‌లో చూడవచ్చు. పూల్ అయితే కంప్యూటరు తయారీదారు ఇచ్చే కొత్త డ్రైవర్లను ఎక్కించాలి. ఇటీవల ఎక్కించిన డ్రైవరు తరువాతనే బాధ మొదలైతే పాతదానికి మరలాలి. మెమరీని శుభ్రపరుస్తామని చెప్పే ప్రోగ్రాముల జోలికి పోరాదు. అవి ఇతరుల సరుకును బలవంతంగా గిడ్డంగికి నెడతాయి. అంకె తగ్గుతుంది, వేగం కూడా తగ్గుతుంది.

చిన్న లీకే కదా అని ఉపేక్షించడం ఎంతటి అనర్థమో లండన్ నగరం 1992లో చూచింది. అక్కడి అంబులెన్సు సర్వీసు కంప్యూటరులో, ఒక మార్పు చేసిన ప్రోగ్రామర్ అజాగ్రత్తగా కొంత కోడును వదలివేశాడు. ఒక వాహనాన్ని పంపిన ప్రతిసారీ సర్వరులో కొద్దిపాటి మెమరీ తిరిగి రాకుండా పోయింది. మూడు వారాలు ఎవరూ గమనించలేదు. నవంబరు 4 తెల్లవారుజామున రెండు గంటలు దాటిన తరువాత వ్యవస్థ మందగించి, పూర్తిగా నిలిచిపోయింది. అంతకు ముందు అక్కరకు వచ్చిన ఉపాయం ప్రకారం కంప్యూటర్లను ఆపి తిరిగి పెట్టినా ఫలితం లేకపోయింది. చివరకు సిబ్బంది కాగితాలతోనే అంబులెన్సులను పంపవలసి వచ్చింది.

ఇంటి కంప్యూటరులో ప్రాణాలు ఆధారపడి ఉండవు. ఒక దరఖాస్తు, ఒక నెల జీతంలో కొంత భాగం, పెద్దల ఛాయాచిత్రాలు ఉంటాయి. అంకెలన్నీ నిలకడగా ఉండి, నిత్యం చేసే పనికే మెమరీ చాలకపోతే అదనంగా కొనడం న్యాయమే. అప్పుడు ఆ డబ్బు వృథా కాదు. కాని తీసుకొన్నది తిరిగి ఇవ్వనివాడు ఒకడు లోపల ఉండగా ఎన్ని పాత్రలు కొని నింపినా దుకాణం ఖాళీ కాక తప్పదు. రెండింటిలో ఏది నిజమో ఒక కాగితం, కొన్ని గంటల ఓర్పు చెప్పగలవు.