చలిలో దగ్గే కారు

పాత అంబాసిడరును ఇంకా వదిలిపెట్టని కుటుంబాలలో మాది ఒకటి. ఆ బండి తయారీ 2014లోనే ఆగిపోయింది గదా, ఇంకా ఎందుకండీ అని స్టాఫ్ రూములో మిత్రులు అడుగుతూనే ఉంటారు. నలుగురు పెద్దలూ, ఇద్దరు పిల్లలూ, ఒక పనసకాయా సుఖంగా పట్టే కారు మరొకటి చూపించమంటాను. వారికి చెప్పనిదల్లా ధనుర్మాసం తెల్లవారుజామున అది పెట్టే పేచీ. ఇంజను అందుకుంటుంది, మన ముఖం వికసించేలోగా రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. ఇంటి ముందు ఆగితే నవ్వులాటే. ఉంగుటూరులో జాతీయ రహదారి ఎక్కేచోట, మంచులోనుంచి లారీలు వస్తూండగా, వెనకసీటులో ముసలి తండ్రిగారు కూర్చుని ఉండగా ఆగితే మాత్రం నవ్వులాట కాదు.

ఎవరిని అడిగినా కార్బురేటరు మార్చమనే అంటారు. కార్బురేటరు చేసే పని గాలికీ పెట్రోలుకూ సంధి కూర్చటం. తెలుగు మేష్టరును గనుక ఈ మాట వాడుతున్నాను. తూకంలో పెట్రోలు ఒక పాలయితే గాలి దాదాపు 15 పాళ్ళు. వేడెక్కిన ఇంజనుకు ఈ లెక్క చాలు. చల్లటి ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాక గొట్టాల గోడలకు తడిగా అంటుకుపోతుంది. లోపలికి చేరే మిశ్రమం పలచబడుతుంది. అందుకే చోకు లాగుతాము. చాలా అంబాసిడర్లకుండే ఎస్.యు. కార్బురేటరులో చోకు గాలిని అడ్డగించదు. పెట్రోలు వచ్చే జెట్టును కిందికి దింపి దారి వెడల్పు చేస్తుంది. తీగ వదులైతే బొత్తాము పూర్తిగా బయటికి వచ్చినా జెట్టు కదలదు. బానెట్టు ఎత్తి, మరొకరిచేత చోకు లాగించి, కళ్ళారా చూడండి. పైసా ఖర్చులేని పరీక్ష.

ఆ తరువాత చోకే మనకు నాడి. ఇంజను ఆగబోయేటప్పుడు ఇంకొంచెం లాగండి. తేరుకున్నదా, పెట్రోలు చాలటం లేదు, లేదా ఎక్కడనుంచో దొంగగాలి దూరుతున్నది. కార్బురేటరూ మానిఫోల్డూ కలిసేచోట, ఫ్యాను రెక్కలకు చేయి తగలకుండా, గాస్కెట్టు అంచున రెండు చుక్కలు ఆయిలు వేయండి. ఇంజను శబ్దం మారితే దొంగ దొరికినట్టే. చోకు లాగితే మరింత ఉక్కిరిబిక్కిరై నల్లపొగ కక్కిందా, పెట్రోలు ఎక్కువైంది. ఫ్లోటు గిన్నెలో సూది సరిగా మూసుకుంటున్నదేమో చూడాలి. లాగినా తోసినా ఒకే తీరున కుంటుతూంటే కార్బురేటరును ఆడిపోసుకోకండి. అది నిప్పురవ్వ లోపం.

మావైపు ఎక్కువసార్లు తేలేది ఈ చివరిదే. ఒకపక్క కొల్లేరు, చుట్టూ చేపల చెరువులు, కాలవలు. తెల్లవారేసరికి మంచు అన్నిటినీ తడిపి పెడుతుంది. డిస్ట్రిబ్యూటరు మూతలో చెమ్మ పడితే విద్యుత్తు ప్లగ్గుదాకా పోకుండా దారి తప్పుతుంది. కిందటేడు ఒక వర్కుషాపులో మా కారుకు కొత్త కార్బురేటరు తప్పదన్నారు. మూత విప్పి పొడి నూలుగుడ్డతో తుడిచి, పాయింట్ల ఎడం 0.015 అంగుళానికి సరిచేయించాను. పాత కార్బురేటరే ఈనాటికీ నడుస్తున్నది.

ఈమధ్య మరొక చిక్కు వచ్చిపడింది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుపుతున్నారు. అందులో ప్రాణవాయువు ఉన్నది గనుక పాత కొలతకు అమర్చిన జెట్టుతో మిశ్రమం పలచనవుతుంది. పైగా అది చలిలో తేలికగా ఆవిరికాదు, చెమ్మను పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. గొట్టాలు దానిని తట్టుకునేవి వేయించండి. బండిని వారాలతరబడి కదల్చకుండా ఉంచకండి. జెట్టు మర మాత్రం అన్నీ చూశాకనే, ఇంజను బాగా వేడెక్కాకనే ముట్టుకోవాలి.

చలిగా ఉన్నదని షెడ్డు తలుపులు మూసి ఇంజను వేడిచేయటం కొందరికి అలవాటు. చోకు లాగిన ఇంజను వదిలే పొగలో కార్బన్ మోనాక్సైడు మరింత ఎక్కువ. దానికి రంగులేదు, వాసనలేదు; నిమిషాలలో ప్రాణం తీయగలదు. బండిని వాకిట్లోకి తోసి, ఆ తరువాతే స్టార్టు చేయండి. తోయటానికి మా వీధి పిల్లలు ఎప్పుడూ సిద్ధమే.