తెర వెనుక ఉయ్యాల

మాతృత్వాన్ని కీర్తించడంలో తెలుగుజాతి ఏనాడూ వెనుకబడలేదు. జోలపాట నుండి హరికథ వరకు, పురాణపద్యం నుండి చలనచిత్రగీతం వరకు తల్లి మహిమను గానం చేయని కళారూపం అరుదు. అయితే కీర్తించడం వేరు, ఆలకించడం వేరు. తల్లిని పీఠంపై కూర్చోబెట్టి హారతి పట్టిన సమాజం, తొలి బిడ్డను పొత్తిళ్లలో పెట్టుకొని నిద్రలేని రాత్రులు గడిపే ఆ పడుచు ఏమి చెప్పుకోదలచిందో ఎంతవరకు విన్నదన్నది ఆలోచించవలసిన విషయం.

తెలుగు నాటకరంగ చరిత్రలో ఇందుకు చక్కని దృష్టాంతం ఉంది. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు ప్రారంభించిన నాటక సమాజం కాలక్రమంలో పలు కుటుంబ సమాజాలుగా విస్తరించింది. స్త్రీపాత్రలను పురుషులే ధరించే ఆ రోజుల్లో సురభి కుటుంబాల స్త్రీలు స్వయంగా రంగస్థలమెక్కారు. తాతలు, తండ్రులు, కోడళ్లు, మనుమలు అందరూ నటులే. ఊరూరా తిరిగే ఆ జీవనంలో కాన్పులు, పురుళ్లు, బారసాలలు నాటకంతోపాటే సాగిపోయాయి. తెర ముందు రాణిగా వెలిగిన నటి, తెర వెనుకకు రాగానే ఉయ్యాలలోని పసిబిడ్డను ఊరడించే తల్లి అయ్యేది.

ఆ కుటుంబంలో జన్మించి, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ చిత్రంలో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి పుట్టుకను గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. ఆమె తల్లి దమయంతి పాత్ర ధరించి నటిస్తుండగా రంగస్థలంపైనే నొప్పులు వచ్చాయట. ప్రేక్షకులు మొదట ఆ వేదనను నటనలో భాగంగానే భావించారట. నిజం తెలిసిన పిమ్మట అక్కడే జన్మించిన శిశువును చూసి సంతోషంతో నాణేలు కురిపించారట.

ఈ కథను సాధారణంగా ఒక వింతగా, కళాకారుల అంకితభావానికి నిదర్శనంగా చెప్పుకొంటారు. కానీ ఇందులో అంతకు మించిన సత్యం ఉంది. నిజమైన వేదన కళ్లెదుట కనిపిస్తున్నా దానిని పాత్రలో భాగమని భావించడం ఆ ఒక్కనాటి ప్రేక్షకుల పొరపాటు మాత్రమే కాదు. బాలింత కన్నీరు పెడితే ‘అందరూ కనలేదా?’ అనడం, అలసిపోయానంటే ‘తల్లివయ్యాక తప్పుతుందా?’ అనడం ఆ పొరపాటుకు నేటి రూపాలే.

ప్రాచీన కవులు ఈ విషయంలో మరింత సూక్ష్మదృష్టి కలవారు. పోతన భాగవతం దశమ స్కంధంలోని ఉలూఖల బంధన ఘట్టం ఇందుకు సాక్ష్యం. యశోద పెరుగు చిలుకుతూ ఉంటుంది. ఆకలిగొన్న బాలుడు వచ్చి కవ్వం పట్టుకుంటాడు. ఆమె చన్నిస్తూ ఉండగా పొయ్యిమీద పాలు పొంగుతాయి. బిడ్డను దింపి పరుగెత్తుతుంది. అలిగిన బాలుడు కుండ పగులగొడతాడు. ఆమె వెంటపడి పట్టుకొని కట్టబోతే త్రాడు ప్రతిసారి రెండంగుళాలు తక్కువవుతుంది. ఒడిలో బిడ్డ, పొయ్యిమీద పాలు, చేతిలో ఎంతకీ చాలని త్రాడు! ప్రతి తల్లి దినచర్యా ఇదే కదా! చివరకు తల్లి అలసటను చూసి, జాలిపడి, ఆ బాలుడే కట్టుబడతాడు. కృష్ణలీలలను ప్రదర్శించినప్పుడు వెన్నదొంగ చేష్టలకు మురిసిపోయే ప్రేక్షకులు, ఆ బాలుడు గుర్తించిన తల్లి అలసటను మాత్రం తరచుగా మరచిపోతారు.

స్త్రీల రామాయణపు పాటలు మరొక అడుగు ముందుకు వేశాయి. కావ్యాలు రామజననాన్ని ఉత్సవంగా వర్ణిస్తే, ఇళ్లలో స్త్రీలు కూర్చొని పాడుకొన్న పాటలు కౌసల్య వేవిళ్లను, పురిటినొప్పులను కూడా గుర్తుపెట్టుకొన్నాయి. ఆధునిక కాలంలో కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ కవిత ప్రసవవేదనను నిస్సంకోచంగా సాహిత్యవేదిక మీదికి తెచ్చింది. పెరటి అరుగు మీద పరిమితమైన మాట, సభలో పలికే మాటగా ఎదిగింది.

నేడు ఈ మాట మరింత అవసరం. పూర్వం తొలి కాన్పుకు పుట్టింటికి చేరిన ఆడపిల్లకు స్నానం చేయించడానికి అమ్మమ్మ, పథ్యం వండడానికి పిన్ని, బిడ్డకు లాలపోయడానికి పొరుగింటి పెద్దమ్మ ఉండేవారు. నగరంలో రెండు గదుల ఇంట ఉన్న దంపతులకు ఆ ఆసరా లేదు. వర్ధమాన దేశాలలో ప్రసవానంతరం ప్రతి 100 మంది స్త్రీలలో దాదాపు 20 మంది మానసిక రుగ్మతకు, ముఖ్యంగా కుంగుబాటుకు లోనవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంది. ఇది చికిత్సతో నయమయ్యే అనారోగ్యం. దీనిని గారాబమనో, గాలిసోకిందనో కొట్టిపారేయడం అజ్ఞానం. 2017లో చేసిన చట్టసవరణ తొలి ఇద్దరు బిడ్డల విషయంలో వేతనంతో కూడిన ప్రసూతి సెలవును 12 వారాల నుండి 26 వారాలకు పెంచింది. కానీ చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కట్టి నాట్లు వేసే కూలి తల్లికి అటువంటి విశ్రాంతి ఇప్పటికీ కలలోని మాటే.

ఇంటి గుట్టును సభలో విప్పడం తగదని, బాధలను చెప్పుకొంటే మాతృత్వపు పవిత్రత తగ్గుతుందని కొందరి వాదన. ఇది నిలిచే వాదన కాదు. పొంగిన పాలను, తెగిన ఓపికను వర్ణించినంత మాత్రాన యశోద వాత్సల్యం తగ్గిందా? బిడ్డ తొలి నవ్వు చూసి పొందిన ఆనందం, ఆ రాత్రి కార్చిన కన్నీరు ఒకే అనుభవానికి రెండు పార్శ్వాలు. ఒకదానిని దాచి రెండవదానినే చూపడం సగం నాటకం ఆడడమే.

కావున మహిళాసంఘాల సమావేశాలలో, అంగన్‌వాడీ కేంద్రాలలో, కళాశాల వార్షికోత్సవాలలో కొత్త తల్లులకు ఒక వేదిక కల్పించాలి. వారు తమ మాటలలో, తమ పాటలలో, వీలైతే చిన్న నాటికల రూపంలో ఆ తొలినాళ్ల సంతోషాన్ని, శ్రమను పంచుకోవాలి. ముందువరుసలో భర్తలు, అత్తమామలు, రేపటి తల్లిదండ్రులైన యువతీయువకులు కూర్చోవాలి. ఒక తల్లి మాట విన్న మరొక తల్లి ‘ఈ బాధ నాకొక్కదానికే కాదు’ అని ధైర్యం తెచ్చుకొంటుంది. విన్న భర్త అర్ధరాత్రి బిడ్డను భుజాన వేసుకొంటాడు. వేదికకు అంతకన్న సార్థకత ఏముంటుంది?

ఆనాటి ప్రేక్షకులు సత్యం తెలియగానే నాణేలు కురిపించారు. నేటి తల్లులు కోరేది నాణేలు కాదు, కరతాళధ్వనులు అంతకన్నా కాదు. తమ వేదనను నటన అనుకోని చూపును, అలసినవేళ ఉయ్యాల త్రాటిని కొంతసేపు అందుకొనే చేతిని మాత్రమే వారు కోరుతున్నారు.